ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్ల బస్సులు: పట్నం (హైదరాబాద్) దాకా నేరుగా పోవాలా, గంటగంటకు రావాలా?

మంచాల_దారి (చర్చ మొదలుపెట్టినవారు)

మాది మంచాల దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. బస్సు లేని ఊరని చెప్పలేను. పొద్దున ఏడు లోపల రెండు బండ్లు వస్తాయి. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఆటోలే దిక్కు. సాయంత్రం బండి పట్నంలో బయల్దేరి ఎల్బీనగర్, బీఎన్ రెడ్డి నగర్, తుర్కయాంజాల్, బొంగ్లూరు గేటు దాటుకుని రావాలి. ఆ దారిలో ఎక్కడ ట్రాఫిక్ ఆగినా ఇబ్రహీంపట్నం స్టాండులో మా ఊళ్లోళ్లంతా ఎదురుచూడాల్సిందే. అది ఆరున్నరకు వస్తుందో, ఎనిమిదికి వస్తుందో అక్కడ ఎవరికీ తెలియదు.

2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లె వెలుగులో నిలబడే చోటు దొరకడం లేదు. అది మంచిదే. మా వాడలో ఎన్నడూ ఊరు దాటని ఆడవాళ్లు ఇప్పుడు కూరగాయలు అమ్ముకోవడానికి, ఆసుపత్రికి, పుట్టింటికి పోతున్నారు. ఎక్కేవాళ్లు పెరిగినప్పుడు బండ్లు తిప్పే తీరు కూడా మారాలి కదా.

నా ప్రతిపాదన ఇది. ఆరుట్ల, జాపాల, లోయపల్లి వైపు, అట్లాగే యాచారం మీదుగా నందివనపర్తి, కుర్మిద్ద వైపు పోయే బస్సులను పట్నం దాకా లాగకుండా ఇబ్రహీంపట్నంలోనే తిప్పెయ్యాలి. అక్కడి నుంచి ఎల్బీనగర్‌కు సిటీ బస్సులు ఎట్లాగూ ఉన్నాయి, వాటిని పెంచాలి. అప్పుడు ఊరికి గంటకో బస్సు ఇవ్వగలరా, లేదా? లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_కండక్టర్

తమ్మీ, నువ్వు చెప్పింది మా టైంల గూడ చర్చకు వచ్చింది. నేను ఊళ్లల్ల నైట్ హాల్ట్ చేసినోన్ని. రాత్రి పంచాయతీ ఆఫీసుల పండుకొని, పొద్దుగాల ఐదున్నరకు బండి దీసి, కాలేజీ పిల్లలను, పాల క్యాన్లను ఎక్కించుకొని పోయినోన్ని. గందుకే ఒక మాట ముందుగాల చెప్తున్న.

డిపోల బండిని రెండు అంకెలతోని చూస్తరు. ఒకటి ఈపీకే, అంటే కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చింది. రెండోది ఓఆర్, సీట్లు ఎంత నిండినయి. మీ ఊరి బండి పట్నం దాకా పోతున్నది గాబట్టి ఇబ్రహీంపట్నం నుంచి ఎల్బీనగర్ దాకా ఎక్కి దిగేటోళ్ల పైసలు గూడ దాని ఖాతాలనే పడుతయి. ఊరి లోపలి ముక్కల వచ్చే నష్టం ఆ రాబడి కింద దాగుతది. నువ్వన్నట్టు బండిని ఇబ్రహీంపట్నంల తెంపితే, ఊరి ముక్క కాయితం మీద ఒంటరిగ నిలవడుతది. రేపు డీజిల్ ధర పెరిగినా, డ్రైవర్లు తక్కువ పడినా ముందుగాల రద్దయ్యేది గా ట్రిప్పే. మీరు గంటకో బస్సు అడిగి, రెండేండ్లకు ఉన్న రెండు బస్సులు గూడ పోగొట్టుకునేరు.

ఊరి బండిని, ఎల్బీనగర్ బండిని ఒక్క సర్వీసు లెక్క చూడాలె. రెండింటి ఈపీకే కలిపి రాయాలె. గది ఒప్పుకుంటేనే మిగతాది మాట్లాడుండ్రి.

రూట్_లెక్క

పాత కండక్టర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నా ఉద్యోగమే రవాణా ప్రణాళిక, ఇలాంటి మార్పులు కాగితం మీద గెలిచి ఖాతాల్లో ఓడిపోవడం చూశాను. ఇక లెక్కకు వస్తాను. అంకెలు గుండ్రంగా వేసుకుంటున్నాను, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

ఊరి నుంచి ఇబ్రహీంపట్నం 15 కిలోమీటర్లు, అక్కడి నుంచి పట్నంలోని పెద్ద బస్టాండు ఎంజీబీఎస్ ఇంకో 30 అనుకుందాం. నేరుగా పోయే బండికి రానూపోనూ 90 కిలోమీటర్లు. రద్దీలో పోను రెండుంపావు గంటలు, రాను రెండుంపావు, రెండు చివర్లా కాస్త ఆగడం. మొత్తం ఐదు గంటలు. పొద్దున 5 నుంచి రాత్రి 9 దాకా పదహారు గంటలు తిప్పినా ఆ బండి మీ ఊరికి మూడుసార్లే రాగలదు. డిపో వాళ్లు ఎంత మంచివాళ్లైనా నాలుగోసారి రాలేదు.

అదే బండిని ఇబ్రహీంపట్నంలో తిప్పేస్తే పోను 40 నిమిషాలు, రాను 40, రెండు చివర్లా ఐదేసి నిమిషాలు. గంటన్నరలో చుట్టు పూర్తవుతుంది. ఒక్క బండితో గంటకో బస్సు రాదు, గంటన్నరకు ఒకటి వస్తుంది. కానీ రెండు దారులను జోడించండి. బండి ఆరుట్ల వైపు పోయొచ్చి, వెంటనే లోయపల్లి వైపు పోవాలి. రెండు చుట్లు కలిపి మూడు గంటలు. మూడు బండ్లు పెడితే రెండు దారుల్లోనూ కచ్చితంగా గంటకో బస్సు.

ఆ మూడు బండ్లే నేరుగా పట్నం పోతే రెండు దారులకూ కలిపి రోజుకు తొమ్మిది రాకపోకలు. ఇట్లా తిప్పితే ముప్పై దాకా. తిరిగే కిలోమీటర్లు అటు 810, ఇటు 900. డీజిల్‌లో పెద్ద తేడా లేదు. మీ సమయమంతా ఎల్బీనగర్ దగ్గర కరిగిపోతోంది, ఆ సమయమే ఊరికి తిరిగి వస్తుంది.

ఒక ఖర్చు మాత్రం దాచకూడదు. పొద్దున ఆ మూడు బండ్లు మోసుకుపోయే జనం ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో దిగి సిటీ బస్సు ఎక్కుతారు. ఆ సమయానికి ఎల్బీనగర్ వైపు బండ్లు పెంచకపోతే ఊళ్లోవాళ్లు సగం దారిలో ఇరుక్కుంటారు. 277 నంబరు బస్సులు ఆ వేళకు ఎట్లా నిండి ఉంటాయో ఆ దారి ఎరిగినవాళ్లందరికీ తెలుసు.

కూరగాయల_రైతు

సార్, లెక్క మంచిగుంది. మరి నా గంపల సంగతేంది?

మేం తెల్లారుగట్ల వనస్థలిపురం, సరూర్‌నగర్ రైతుబజార్లకు పోతం. 1999ల రైతుబజార్లు పెట్టినప్పుడు రైతులకు బస్సులు గూడ ఉండాలె అన్నరు, మా నాయిన గా బస్సులనే పోయిండు. వంకాయ, టమాట, ఆకుకూర గంపలు మూడు నాలుగు ఉంటయి ఒక్కొక్కరికి. ఇబ్రహీంపట్నంల చీకట్ల గంపలన్ని దించి, మళ్ల ఇంకో బస్సుకు ఎక్కించమంటే ఆడోళ్లతోని ఎట్లైతది? కూర నలిగితే పైసలు ఎవలిస్తరు? సిటీ బస్సు కండక్టర్ గంపలను ఎక్కించుకుంటడా?

గంటగంటకు బస్సు పగటీలి రానీయుండ్రి, ఒద్దనను. నాలుగున్నర బండి మాత్రం సక్కగ బజారుకే పోవాలె. గది కదిలిస్తే మా ఊరంత రోడ్డు మీదికొస్తది.

రూట్_లెక్క

మీ బండి కదలకూడదు, నేనూ ఒప్పుకుంటాను. ఆ వేళకు రోడ్డు ఖాళీగా ఉంటుంది, పట్నం దాకా పోయొచ్చినా సమయం పెద్దగా పోదు. పైగా నైట్ హాల్ట్ బండి ఎట్లాగూ ఊళ్లోనే ఉంటుంది. అది రైతుబజారుకు పోయి, గంపలు దించి, ఖాళీ గంపలతో మిమ్మల్ని ఎక్కించుకుని తిరిగొచ్చాక గంటగంట వరుసలో చేరొచ్చు. ఐదున్నరకు తీసే మొదటి బండి ఇంకొకటి కాబట్టి వరుస చెడదు.

జీరో_టికెట్ (ఇంజినీరింగ్ మూడో సంవత్సరం)

మా కాలేజీ మంగళ్‌పల్లి దగ్గర. నేను రోజూ ఎలాగూ ఇబ్రహీంపట్నంలో మారాల్సిందే. అందుకే ఈ మార్పు నాకు ఇష్టం. కానీ అన్నలందరూ పొద్దటి బస్సు గురించే మాట్లాడుతున్నారు.

నాకు, నాతో చదివే అమ్మాయిలకు చివరి బస్సే అసలు బస్సు. ల్యాబ్ ఉన్న రోజు ఐదింటికి వదులుతారు. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ ఉంటే ఆరున్నర. ఆ తర్వాత ఊరికి బస్సు ఉందో లేదో తెలియకపోతే ఇంట్లో ట్రైనింగ్ మానెయ్యమంటారు. మా పక్కింటి అమ్మాయి అట్లాగే మానేసింది. చదువు బాగా వచ్చే పిల్ల. పొద్దున ఎన్ని బస్సులు పెట్టినా ఆ అమ్మాయికి ఏం లాభం లేదు. రాత్రి ఎనిమిదికి ఒక బస్సు కచ్చితంగా ఉంటుంది అని మా నాన్నకు నమ్మకం కలిగితే ఆయన నన్ను ఆపడు.

ఇంకోటి. బస్సు నిండిపోయి స్టాపులో ఆగకుండా పోతే తర్వాతది ఎప్పుడో తెలిస్తే కోపం రాదు. గంట ఆగాలి అంటే ఆగుతాం. ఏమీ తెలియకుండా నిలబడటమే కష్టం. ఆర్టీసీ గమ్యం యాప్‌లో జీపీఎస్ ఉన్న బండి కనిపిస్తుంది, అది బాగుంది. అమ్మలకు, పెద్దవాళ్లకు స్మార్ట్‌ఫోన్ ఉండదు కదా, వాళ్లకు టైం నోటికి రావాలి. ప్రతి గంటా పదిహేను నిమిషాలకు మా ఊళ్లో బస్సు అంటే మా అమ్మకు కూడా గుర్తుంటుంది.

జ్యూరిక్_నుంచి

ఇప్పుడు ఈ చెల్లి చెప్పిన దాని మీదే స్విట్జర్లాండ్ రవాణా అంతా నిలబడి ఉంది. 1982లో ఇక్కడ దేశమంతా గంటకో రైలు పద్ధతి పెట్టారు. ప్రతి గంటా అదే నిమిషానికి. దానికి కలిసేటట్టు ఊళ్లకు పసుపు రంగు పోస్ట్ బస్సులు. రైలు దిగితే ఊరి బస్సు ఎదురుగా నిలబడి ఉంటుంది, జనం ఎక్కాకే కదులుతుంది.

జ్యూరిక్ ప్రాంతంలో ఇంకో నియమం ఉంది. కనీసం 300 మంది ఉండే లేదా పనిచేసే లేదా చదువుకునే ప్రతి జనావాసానికీ ప్రజారవాణా అందాలి. లాభమా నష్టమా అన్న చర్చ ఆ తర్వాతే. నేను ఇబ్రహీంపట్నం దగ్గరే పుట్టి పెరిగాను, మా నాన్న ఇంకా అక్కడే ఉన్నారు. అందుకే ఈ నియమం చదివినప్పుడు మనకూ ఇట్లాంటిది ఒకటి కాగితం మీద ఉంటే బాగుండు అనిపించింది. ఫలానా జనాభా దాటిన ప్రతి ఆవాసానికీ మండల కేంద్రానికి రోజుకు ఇన్ని ట్రిప్పులు అని రాసి పెడితే, కండక్టర్ అంకుల్ భయపడినట్టు ఈపీకే చూసి ఎవరూ ఎత్తెయ్యలేరు.

ఇక్కడ స్థానిక ప్రభుత్వాలు ఆ ఖర్చు పంచుకుంటాయి, అది కూడా చెప్పాలి. నియమం ఒక్కటే చాలదు, దాని వెనక డబ్బు ఉండాలి.

పాత_కండక్టర్

బిడ్డా జీరో టికెట్, నువ్వు చెప్పింది మనసుకు తాకింది. చివరి బండి గురించి ఒక సంగతి చెప్తా. చివరి ట్రిప్పుల జనం తక్కువుంటరు. అంకెలల్ల నష్టం కనవడుతది. గానీ గా చివరి బండి ఉన్నదన్న ధైర్యంతోనే పొద్దుగాల జనం బస్సెక్కుతరు. దాన్ని దీసేస్తే పొద్దటి బండ్లు గూడ పల్చవడుతయి.

ఇంకొక సంగతి, డ్యూటీలు. చట్టం ప్రకారం దినాం ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు. పదహారు గంటలు బండి తిరగాలంటే రెండు జతల సిబ్బంది గావాలె. గంటన్నర చుట్టుల చివర్ల ఐదు నిమిషాలే ఆగుడు (లేఓవర్) పెడితే డ్రైవర్ చాయ్ గూడ తాగలేడు. ఒక్క చుట్టు ఆలస్యమైతే దినమంత ఆలస్యమే. రెండు మూడు చుట్లకొకసారి పదిహేను ఇరవై నిమిషాలు వదలాలె. ముప్పై ట్రిప్పులు రాకుంటే ఇరవై ఆరే రానీయి, టైముకు వస్తే చాలు.

షేర్_ఆటో

నేను మంచాల రోడ్డు మీదనే ఆటో నడుపుత. మహాలక్ష్మి వచ్చినంక ఆడోళ్లు ఆటో ఎక్కుడు తగ్గింది. ఫైనాన్స్ కిస్తీలు మాత్రం తగ్గలేదు. ఇప్పుడు గంటగంటకు బస్సంటే మేమేం గావాలె?

బస్సు ఒద్దని అంటలేను. మా ఇంట్ల గూడ ఆడపిల్లలున్నరు, వాళ్లు గూడ బస్సుల్నే పోతరు. కాకపోతే బస్సు పెద్ద రోడ్డు మీదనే పోతది, గూడేలు, తండాలు లోపల రెండు మూడు కిలోమీటర్లు ఉంటయి. బస్సు టైముకు మేం తండాల నుంచి జనాన్ని తెచ్చి స్టాపు కాడ దించుతం. గాడ మాకు నిలవడే జాగ, కొంత గ్యారంటీ పైస ఏదన్న ఏర్పాటు చేస్తే ఇద్దరం బతుకుతం. మమ్మల్ని ఎవ్వలూ అడగరు. గీడ రాస్తే ఎవలన్న సదువుతరని రాసిన.

రూట్_లెక్క

అన్నా, రాసి మంచి పని చేశారు. తండాల దాకా పెద్ద బండి పోతే చుట్టు సమయం పావుగంట పెరుగుతుంది, గంట వరుస మొత్తం చెడుతుంది. అందుకే ఆటో అక్కడ బస్సుకు పోటీ కాదు, బస్సుకు కావలసిన తోడు. ట్రిప్పుకు ఇంత అని ఆటోలకు ఒప్పందం ఇవ్వాలి. ఆర్టీసీ అద్దె బస్సులు తీసుకోవడం మనకు కొత్త కాదు. 2025 మార్చిలో మహిళా సంఘాలు కొన్న బస్సులను కూడా అద్దెకు తీసుకుంది. అదే దారిలో తండా ఆటోలకూ ఒక పద్ధతి ఆలోచించవచ్చు.

చిన్న బస్సులు పెడితే సరిపోదా అని కొందరు అడుగుతారు, ముందే చెప్పేస్తాను. చిన్న బండికి కూడా అదే డ్రైవర్, అదే జీతం. డీజిల్‌లో మిగిలేది తక్కువ, పొద్దున ఎనిమిదింటికి పిల్లలు పట్టరు.

బెజవాడ_వైపు

మాది ఆగిరిపల్లి దగ్గర. మా వైపు ఆర్టీసీ ఉద్యోగులను 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వంలో కలిపారు, 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఉచిత బస్సు ఇచ్చే స్త్రీశక్తి పథకం వచ్చింది. రద్దీ అక్కడా ఇక్కడా ఒకటేనండి.

మీ చర్చలో ఒకటి తగ్గింది. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఆవిడకి బస్సు ఎక్కడం, దిగడమే ప్రయాణం, మధ్యలో ఎంత దూరం పోయినా ఫర్వాలేదు. అట్లాంటి వాళ్లని ఒకచోట దింపి ఇంకో బస్సు ఎక్కించడం చాలా పెద్ద సంగతి. మీ ఊళ్లవాళ్లు ఉస్మానియా ఆసుపత్రికి పోతారు కదా, అది ఎంజీబీఎస్‌కి దగ్గరే. నేరుగా పోయే బండి అంతా తీసేయకండి. ఓపీ వేళకి అందేట్టు పొద్దున ఒకటి, మధ్యాహ్నం తిరుగు ఒకటి ఉంచండి.

మంచాల_దారి

బెజవాడ అక్కా, ఇది మంచి మాట. ఆసుపత్రి బండి ఒకటి, రైతుబజారు బండి ఒకటి నేరుగానే పోవాలి. మిగతావి గంట వరుసలో.

మారినప్పుడు టికెట్ సంగతి కూడా చూడాలి. జీరో టికెట్ ఉన్న ఆడవాళ్లకు ఎన్నిసార్లు మారినా ఖర్చు లేదు. మగవాళ్లకు మాత్రం రెండు బస్సులకూ కనీస ఛార్జీ పడుతుంది. కూలికి పోయే మనిషికి అది పెద్ద బరువు. ఊళ్లో కొన్న టికెట్ ఎల్బీనగర్ దాకా చెల్లాలి. ఎల్బీనగర్‌లో 2018 నుంచి మెట్రో ఉంది కాబట్టి అక్కడ దింపితే చాలంటారు కొందరు. మెట్రోలో ఉచితం లేదు, మా ఊరి ఆడవాళ్లకు అది దారి కాదు.

రూట్_లెక్క

టికెట్ మిషన్ దగ్గరే ఇంకో విషయం. కండక్టర్ కొట్టే ప్రతి జీరో టికెట్ మీద ఎక్కిన చోటు, దిగే చోటు ఉంటాయి. అంటే ఏ ఊరి నుంచి ఏ వేళకు ఎందరు ఎక్కడికి పోతున్నారో మిషన్లలో ఇప్పటికే ఉంది. ఒక నెల లెక్క తీస్తే మనం ఇక్కడ వేసుకున్న గుండ్రటి అంకెల అవసరం ఉండదు. ఆ లెక్కలో పడనిది ఒకటే, బస్సు లేక ఇంట్లో ఆగిపోయినవాళ్లు. పక్కింటి అమ్మాయి లాంటివాళ్లు. వాళ్లను ఊళ్లో అడిగే రాసుకోవాలి.

యాచారం_రోడ్

అందరూ ఎల్బీనగర్ దిక్కే చూస్తున్నరు. రంగారెడ్డి కలెక్టరేట్ 2022లనే కొంగరకలాన్‌కు వచ్చింది. భూమి కాయితాలకు, పింఛన్ అర్జీకి గాడికే పోవాలె. ఆదిబట్లల కంపెనీలు, గా పక్కనే కొత్త ఫ్యాక్టరీలు. మా పిల్లగాండ్లు ఉద్యోగాలకు పోయేది ఔటర్ రింగ్ రోడ్డు ఎంబడి. బస్సులు మాత్రం ఇంకా పాత దారిలనే, పట్నం నడిమిట్లకు.

యాచారం, ఇబ్రహీంపట్నం, బొంగ్లూరు, ఆదిబట్ల, కొంగరకలాన్, తుక్కుగూడ. గీ అడ్డదారి మీద గంటకో బండి పెట్టుండ్రి. తుక్కుగూడ కాడ శ్రీశైలం రోడ్డు కలుస్తది, గాడికెల్లి శంషాబాద్ దిక్కు పోవచ్చు. ఫ్యూచర్ సిటీ అని మా మండలాలను కలిపి పెద్ద పెద్ద రోడ్లు గీస్తున్నరు. రోడ్డు గీసేటప్పుడే బస్సు గూడ గీయాలె, ఇండ్లన్ని లేసినంక అడిగితే ఎవ్వలు ఇనరు.

పాత_కండక్టర్

యాచారం రోడ్ అన్న మాట పక్కా. గా దారిల పొద్దుగాల అటు ఇటు రెండు దిక్కులా జనం ఉంటరు. ఎల్బీనగర్ దారిల పొద్దుగాల పోయే బండి నిండుతది, వచ్చే బండి ఖాళీ. డిపోకు గీ అడ్డదారే మేలు.

ఇగ మీరు ఏం జేయాలె అంటే, అన్ని ఊళ్లు ఒక్కసారి అడగకుండ్రి. ఆరుట్ల దారి, లోయపల్లి దారి, గీ రెండింటికే ఆరు నెలలు నడిపి చూడమని అడుగుండ్రి. గ్రామసభల తీర్మానం రాసి, 2023ల పెట్టిన విలేజ్ బస్ ఆఫీసర్ (ఊరి బస్సుల సంగతి చూసే ఆర్టీసీ ఉద్యోగి) మీ ఊరికి ఎవలో కనుక్కొని, గాయనతోని డిపో మేనేజర్ కాడికి పోవాలె. తీర్మానంల మూడే మూడు రాయుండ్రి: రెండు దారుల రాబడి ఎల్బీనగర్ బండ్లతోని కలిపి చూడాలె, చివరి బండి పట్నం బండి వచ్చేదాక ఇబ్రహీంపట్నంల ఆగాలె, రైతుబజారు బండి కదలొద్దు.

కూరగాయల_రైతు

మూడోది మొదట రాయుండ్రి.

మంచాల_దారి

మొదటే రాస్తాను పెద్దనాయినా. అందరూ ఒక సాయం చెయ్యండి. మీ ఊరి పేరు, ఇప్పుడు మొదటి బస్సు ఎప్పుడు, చివరిది ఎప్పుడు, బడి, కాలేజీ, కంపెనీ షిఫ్టు ఏ వేళకు మొదలై ఏ వేళకు వదులుతారు, తండా ఎంత లోపల ఉంది. ఇవి ఇక్కడే రాయండి. రూట్ లెక్క గారు వరుస వేస్తామన్నారు. తీర్మానం నకలు తయారవగానే ఇదే చర్చలో పెడతాను, సర్పంచులకు మీరే చూపించండి.

జీరో_టికెట్

మా ఊరిది రాస్తున్నా. ఇప్పుడు టైం ప్రకారం మొదటి బస్సు పొద్దున ఆరుకు, చివరిది సాయంత్రం ఏడుకు రావాలి. కాలేజీ తొమ్మిదిన్నరకు మొదలు, నాలుగున్నరకు వదులుతారు, ల్యాబ్ రోజు ఐదు, ట్రైనింగ్ రోజు ఆరున్నర. తండా రెండు కిలోమీటర్లు లోపల, అక్కడి నుంచి కాలేజీలకు వచ్చే అమ్మాయిలు నలుగురు. ఆగిపోయినవాళ్లు ఇద్దరు.